కళ్ళలోకి చూసే పిల్ల

నేను ఆటిజం మీద, ఏకాగ్రత నిలవని పిల్లల మీద పరిశోధన చేస్తానని తెలిసిన రోజు నుంచీ మా చుట్టాల్లో ప్రతివాళ్ళూ నాకు పాఠాలు చెప్పేవాళ్ళే. "ఆ పిల్లల ఫోన్లు గుంజుకోన్రి, అన్నీ తక్కువైతయ్" అంటుంది మా మేనత్త, తన ఫోన్లోంచి తలెత్తకుండా. ఇంకొకాయన పొద్దున్నే బాదంపప్పు తినిపించమన్నాడు. ఇన్నేళ్ళ చదువూ దండగ, మొజంజాహీ మార్కెట్ దగ్గర బాదంపప్పు అమ్ముకున్నా బాగుపడేదాన్ని.

వీళ్ళనైనా భరించవచ్చు. నిపుణులను భరించడమే కష్టం.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి ఇంటర్ చదువుతోంది. వాళ్ళమ్మకు అబిడ్స్‌లో ఒక గల్లీలో చిన్న కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పిల్లకు ఆటిజం. పాఠాలన్నీ వచ్చు. కానీ పరీక్ష హాల్లో ఫ్యాను కిర్రుమంటే చాలు, చెయ్యి ఆగిపోతుంది. మళ్ళీ కదలడానికి చాలాసేపు పడుతుంది. పోయినసారి సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చి తప్పింది. అదనపు సమయం ఇస్తే గట్టెక్కుతుంది. ఇవ్వకపోతే ఇక పరీక్షకే పోనని తేల్చి చెప్పేసింది. ఆ పిల్ల ఒకమాట అన్నదంటే అన్నట్టే. ఆ సమయం రావాలంటే ఒక పెద్ద డాక్టరుగారు సంతకం చెయ్యాలి.

గన్‌ఫౌండ్రీలోని నా ఆఫీసు నుంచి పిల్ల, వాళ్ళమ్మ, నేను ముగ్గురం ఆటోలో నాంపల్లి వెళ్ళి, ఆయన గది ముందు పొద్దంతా కూర్చున్నాం. తీరా లోపలికి పిలిచాక ఆయన నా రిపోర్టు తెరవనైనా తెరవలేదు. కళ్ళజోడు సర్దుకుని పిల్ల వైపు చూశాడు. పిల్ల కూడా రెప్ప వేయకుండా ఆయన వైపే చూసింది.

"ఆటిజం ఎక్కడుందమ్మా? ఎంత చక్కగా కళ్ళలోకి చూస్తోంది!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దుకాణానికి వచ్చినవాళ్ళ ముఖం చూడమని వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి బతిమాలి, బామాలి నేర్పిన చూపు అది. కళ్ళజోళ్ళ దుకాణంలో ముఖం చూడమంటే ఆ పిల్ల ఏం చూస్తుంది? ఫ్రేము చూస్తుంది.

"సార్, మీ కుడిదిక్కు స్క్రూ లూజున్నది. అద్దం పడిపోతది," అన్నది పిల్ల.

"చూశారా, ఎంత కలుపుగోలుతనమో!" అని ఆయన మురిసిపోయాడు. "పాఠాలన్నీ వచ్చంటున్నారు. చదువు వచ్చినవాళ్ళకు ఎక్కువ టైం ఎందుకు? అందరిలాగే రాయనివ్వండి."

వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆయన కుదరదని రాయడానికి పెన్ను తీసి కాగితం మీదికి వంగాడు. టప్పుమని అద్దం ఊడి బల్ల మీద పడింది.

"అయ్యయ్యో, ఆగండాగండి. ఇది లేకపోతే నాకు ఒక్క అక్షరం కనబడదు!"

పిల్ల ఆయన వైపే చూస్తూ అడిగింది: "సార్, మీకు చదువొచ్చు గద? మరి అద్దమెందుకు?"

ఆయన పగలబడి నవ్వాడు. "భలే జోకేసింది! జోకులేసే పిల్లకు ఆటిజమేమిటమ్మా!"

ఆ గదిలో నవ్వింది ఆయనొక్కడే. వాళ్ళమ్మ లేచి నిలబడింది.

"జోక్ గాదు సార్. మా బిడ్డకు జోకులేసుడు రాదు. నిజంగనే అడుగుతున్నది. జర జవాబు చెప్పున్రి."

పిల్ల జవాబు కోసం ఆ ఖాళీ ఫ్రేములోకి చూస్తూ కూర్చుంది. ఆయన నవ్వు ఆగిపోయింది. అద్దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. పిల్లను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "టైం ఇవ్వమనే కాగితం ఏదమ్మా? సంతకం ఎక్కడ?" అన్నాడు. నేను వేలుపెట్టి చోటు చూపించాను.

ఒక కన్ను మూసుకుని, ముక్కు కాగితానికి ఆనించి, తడుముకుంటూ ఆ సంతకం చెయ్యడానికి చాలాసేపు తీసుకున్నాడు. మేమెవ్వరం తొందరపెట్టలేదు.