నజీమా ఫోన్

కరీంనగర్‌లో పెళ్లి సంబంధాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. మెసేజ్‌లు పంపడానికి తనంతట తానే పనిచేసే ఏఐ ఏజెంటును పెట్టుకున్నాం. ఒకరోజు ధర్మపురి నుంచి ఓ తండ్రి మండిపడుతూ వచ్చాడు.

"పిల్లగానోళ్లు మా బిడ్డను వద్దన్నరని గంతమందికి ఎట్ల తెల్సింది?"

నా అనుమానం పక్క టేబుల్ నజీమా మీదికి పోయింది. ఎప్పుడూ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్తుంది మరి! ఆయన ముందే, "నీ ఫోన్ జర ఇటియ్యి" అన్నాను.

"చూడక్కా" అని చేతిలో పెట్టింది. అందులో ఏమీ లేదు.

ఏజెంటు చేసిన పనుల జాబితా తెరిచాను. ఆయన ఇంటికి మాత్రమే చెప్పాల్సిన ఆ మాటను అందరికీ పంపింది అదే. నేను దానికిచ్చిన సాధనాల్లో ఒక టూల్, మా దగ్గర పేరిచ్చిన వాళ్లందరికీ ఒకేసారి మెసేజ్ పంపుతుంది. ఆ టూల్ ఏం చేస్తుందో ఏజెంటుకు చెప్పే వివరణలో మాత్రం "మెసేజ్ పంపుతుంది" అని రాసి వదిలేశాను.

"అందరికీ వెళ్తుంది, ఒక్క ఇంటి విషయానికి వాడొద్దు" అని ఆ వివరణను ఆరోజే దిద్దాను. నజీమా మాత్రం ఇప్పటికీ వస్తూనే ఫోన్ నా టేబుల్ మీద పెట్టి, తర్వాతే పనిలో కూర్చుంటుంది.