పాతది చూపించందే కొత్తది అమ్మని మనిషి

మా మావగారు రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. గుండెపోటు. ఆదివారం నుంచే ఎడమపక్క నొప్పిగా ఉందట. ఆ సంగతి మా అత్తగారికి ఒక్కరికే చెప్పి, నాతోగాని మా ఆయనతోగాని అనకూడదని ఒట్టు వేయించుకున్నారట. వాము నమిలి, వేడినీళ్లు తాగి, సోమవారం మామూలుగానే షాపుకు వచ్చి కూర్చున్నారు. ఆరోజే రావులపాలెం నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు, గేరుపెట్టెలో నెలరోజులుగా ఏదో చప్పుడు వస్తోందని చెప్పాడు. "నెల్లాళ్ల నుంచి వస్తుంటే ఇవాళ తీరిందా నీకు?" అని మావగారు అతన్ని అరగంట చీవాట్లు పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఆ అరగంటా ఆయన చెయ్యి ఛాతీ మీదే ఉందన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే కోపం వస్తోంది. చదివేవారు మన్నించాలి. పదిహేనేళ్లకు పైగా ఆయన పక్క కుర్చీలో కూర్చుని పనిచేశాను. అన్నేళ్లూ విసుక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి మానేయమంటే నాకు చేతకావడం లేదు.

రాజమండ్రిలో మాది స్పేర్ పార్టుల షాపు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, వ్యాన్లు, వేటికి కావలసిన సామాను వాటికి అమ్ముతాం. నా పుట్టిల్లు పెద్దాపురం. మా నాన్నగారిది బట్టలకొట్టు. మెట్టెక్కిన మనిషిని ఉత్త చేతులతో దించకూడదన్నది ఆయన పట్టుదల. నలభై తానులు విప్పి పరిచైనా సరే, ఒక జాకెట్టు ముక్కన్నా చేతిలో పెట్టి పంపేవారు. అలాంటి ఇంట్లో పెరిగి కోడలిగా ఈ ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని మొదటిసారి షాపుకు వెళ్లిన రోజున చూసినది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మండపేట నుంచి వచ్చిన ఒక ట్రాక్టరు రైతు బేరింగు కావాలని నిలబడ్డాడు. మావగారు పాతది ఏదని అడిగారు. షెడ్డులో ఉందన్నాడు. వెళ్లి తెమ్మన్నారు. ఆ మనిషి ఎండలో వెళ్లి, పాత బేరింగు కాగితంలో చుట్టి తెచ్చాడు. మావగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు తిప్పి, దీనికేమీ రోగం లేదు, కిరసనాయిలుతో కడిగి గ్రీజు పెట్టించుకో, అని పంపేశారు.

అలా రోజుకు నలుగురైదుగురు. మా ఎదుటి షాపులో పాతదీ గీతదీ ఏమీ అడగరు. అడిగిన పెట్టె అడిగినట్టు ఇచ్చేస్తారు. మా దగ్గరికి వచ్చినవాళ్లు సగంమంది రోడ్డు దాటి అటు వెళ్లిపోయేవారు. కొత్తకోడలిని అన్న భయం పోయాక ఒకరోజు అడిగేశాను, వచ్చినవాళ్లందర్నీ పంపేస్తే మనం తినేదేంటండీ అని.

"పంపేసినవాడు మళ్లీ వస్తాడమ్మా. తప్పు సామాను పట్టుకెళ్లినవాడు రాడు. ఒక్కోసారి వాడి బండి కూడా రాదు" అన్నారు.

ఆ మాట వినడానికి బాగుంది. అన్నం తింటూ అనబట్టి ఇంకా బాగుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మా ఆయనకు ఈ వ్యాపారం పడలేదు. గ్రీజు వాసనకే తలనొప్పి వస్తుంది. ద్రాక్షారామం హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి, అక్కడే గది తీసుకుని, శనివారాలు ఇంటికి వచ్చేవారు. ఆ రోజుల్లోనే మావగారి కళ్లకు శుక్లాలు మొదలయ్యాయి. ఆయన ఒప్పుకోలేదు. కంపెనీ క్యాటలాగులు ఈమధ్య బొత్తిగా చిన్న అక్షరాలతో అచ్చేస్తున్నారని, సిరా కూడా పలచన చేసేశారని తిట్టేవారు. క్యారియరు పట్టుకెళ్లినప్పుడల్లా ఒక పెట్టె నా ముందుకు తోసి, "ఆ నంబరేదో చదువు, వీళ్ల అచ్చు తగలెయ్యా" అనేవారు. నేను ఇంటర్మీడియట్ పాసయ్యాను కాబట్టి చదివేదాన్ని. మొదట ఒక నంబరు, తర్వాత ఒక పేజీ, ఆ తర్వాత ఉత్తరాలు, ఆర్డర్లు. ఏడాది తిరిగేసరికి క్యారియరు మా అత్తగారు పంపించేవారు. నేను పొద్దున్నే మావగారితోపాటు రిక్షాలో షాపుకు వెళ్తున్నాను. రమ్మని ఆయన అడగలేదు. వస్తానని నేను అనలేదు.

చదవడం ఒక్కటే అయితే బాగానే ఉండేది. ఎక్కడ కూర్చుంటుందో తెలియని సామాను అమ్మకూడదని ఆయన మరో నియమం. అందుకని నన్ను మెకానిక్ షెడ్లకు తీసుకెళ్లారు. చీర కుచ్చిళ్లు దోపుకుని నేను లారీ కిందికి దూరితే, పాపం ఆ షెడ్డు మేస్త్రీ సిగ్గుతో చచ్చిపోయి చుట్టూ టార్పాలిన్ కట్టించాడు. మావగారు బయట స్టూలు మీద కూర్చుని, ఇప్పుడేం కనిపిస్తోంది, దాని పక్కనేముంది, అది దేనికి తగిలించి ఉంది, అని అడుగుతూనే ఉన్నారు. ఇంటికి వచ్చి తలంటుకుంటే మూడు నీళ్లకు గాని నలుపు వదల్లేదు.

సంగతి పెద్దాపురం చేరింది. మా నాన్నగారు మరిడమ్మ జాతరకు పిలిచే వంకన వచ్చి, అమ్మాయిని ఇనపసామాన్ల మధ్య కూర్చోబెట్టడం మర్యాదగా లేదని మెల్లిగా కదిపారు. మావగారు ఆయన్ను బావగారూ అంటూ కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఒకే ముక్క చెప్పారు. "మీ అమ్మాయి కళ్లు బాగున్నాయండి. నావి బాగాలేవు." నాన్నగారు మజ్జిగ తాగేసి బస్సెక్కి వెళ్లిపోయారు. తన కళ్ల సంగతి మావగారు ఒప్పుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. మర్నాడు మళ్లీ అచ్చువాళ్లను తిట్టారు.

ఇలా నాలుగేళ్లు గడిచాక నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. ఎప్పుడో పెళ్లికి ముందు పెట్టిన దరఖాస్తుకు ఇంటర్వ్యూ పిలుపు వస్తే వెళ్లాను, వాళ్లు తీసుకున్నారు. ఫ్యాను కింద కూర్చుని చేసే గవర్నమెంటు ఉద్యోగం, ఆఖర్న పింఛను. మా నాన్నగారు అన్నవరం మొక్కు మొక్కుకున్నారు. మా ఆయన చేరమన్నారు. అత్తగారు చేరమన్నారు. మావగారు కాగితం నాచేతే చదివించుకుని, బాగుంది అన్నారు. అంతే. చేరమని లేదు, వద్దని లేదు. నెలరోజులు ఆయన నోటి నుంచి ఒక్క మాటకోసం చూశాను. రోజూ ఆయన నాతో మాట్లాడింది పిస్టన్ రింగుల గురించి.

ఆ నెలలోనే, కార్తీకమాసం ఆదివారం, ఆ తప్పు చేశాను.

పొద్దున్నే ఒక వ్యాను డ్రైవరు వచ్చాడు. అన్నవరంలో వ్రతానికి ఒక కుటుంబాన్ని తీసుకెళ్లాలి, షెడ్డులో వెనక చక్రాలు విప్పి ఉన్నాయి, బ్రేకు రబ్బర్లు కావాలన్నాడు. పాతవి అడిగాను. మేస్త్రీ పారేశాడని, జనం పిల్లాపాపలతో రోడ్డు మీద నిలబడ్డారని తొందరపెట్టాడు. మావగారు పార్సిలు విడిపించడానికి వెళ్లారు. ఉద్యోగంలో చేరితే పది రోజుల్లో నేను వదిలేసే షాపే కదా అనిపించింది. బండి పేరు అడిగి పెట్టె తీసి ఇచ్చేశాను.

పదకొండింటికి మావగారు వచ్చి, అలవాటు ప్రకారం అర మీద చేత్తో తడిమారు. ఏమేం పోయాయో అడిగారు. చెప్పాను. ఆ మోడలుకు కంపెనీవాళ్లు మధ్యలో సైజు మార్చారు. రెండు పెట్టెలూ ఒకటే రంగు. లోపల రబ్బరుకు తేడా గోరు మందం. బండి నంబరు గుర్తుందా అన్నారు. ఉంది, చెప్పాను. ఆ నంబరును బట్టి అది కొత్త బండి. నేనిచ్చింది పాత సైజు.

షెడ్డుకు పరుగెత్తాం. వ్యాను వెళ్లి రెండు గంటలైంది. పెడలు బాగానే పట్టిందని మేస్త్రీ చెప్పాడు. చిన్న రబ్బరు మొదట పడుతుంది, వేడెక్కి నాలుగుసార్లు తొక్కాక దాని పక్కనుంచి బ్రేకు ఆయిలు కారుతుంది అని మావగారు అతనితో అని, నావైపు తిరిగి, "షాపుకెళ్లి సరైన పెట్టె తియ్యి. ఆయిలు డబ్బా కూడా పట్టుకో. పద" అన్నారు.

అన్నవరం బస్సులో ఆ రెండున్నర గంటలూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ డ్రైవరు క్లచ్చి మీద నుంచి కాలే తీయడం లేదని, ప్లేటు ఆరునెలలు కూడా రాదని గొణుగుతూ కూర్చున్నారు. నా కళ్ల ముందు ఘాట్ రోడ్డు మలుపులే. ఎదురుగా వచ్చే ప్రతి బండిలోనూ ఆ వ్యానునే వెతికాను.

కొండమీదికి వెళ్లే బస్సెక్కి పైకి చేరేసరికి, బండ్లు నిలిపేచోట ఆ వ్యాను కనిపించింది. నంబరు రెండుసార్లు చదువుకున్నాను. జనం ఇంకా వ్రతంలో ఉన్నారు. డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు. మావగారు సంగతి చెబితే నవ్వాడు.

"బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయండి. ఇంత కొండా ఎక్కి వచ్చాను కదండీ."

"ఎక్కడానికి బ్రేకులెందుకయ్యా?" అన్నారు మావగారు.

వంగి, వెనక చక్రం లోపలివైపు చెయ్యిపెట్టి తీసి, నన్నూ పెట్టమన్నారు. పెట్టాను. వేళ్లు జిడ్డుగా, తడిగా వచ్చాయి. డ్రైవరు తన చెయ్యి కూడా పెట్టి చూసుకున్నాడు. బీడీ పారేశాడు. జాకీ తెచ్చాడు.

డ్రైవరు చక్రాలు, డ్రమ్ములు విప్పాడు. రబ్బర్లు మార్చడానికి మావగారికి చూపు ఆనలేదు. పెట్టె నా చేతిలో పెట్టి, అంచు లోపలివైపుకు ఉండాలి, మడత పడకూడదు, ఆయిల్లో తడిపి వేళ్లతోనే నొక్కు, అని చెబుతూ పక్కన గొంతుక్కూర్చున్నారు. అప్పటిదాకా వందల పెట్టెలు అమ్మాను, ఒక్క రబ్బరూ నా చేత్తో ఎక్కించలేదు. నాలుగూ ఎక్కించాను. ఆయన తొందరపెట్టలేదు. కొత్త ఆయిలు పోశాక, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి పోయేదాకా డ్రైవరు పెడలు తొక్కుతూనే ఉన్నాడు.

ఈలోగా ఆ కుటుంబం ప్రసాదాలతో వచ్చింది. పదిమంది. ఒకావిడ భుజం మీద పసిపిల్ల నిద్రపోతోంది. పెద్దాయన ఆలస్యమైందని చిరాకుపడ్డాడు. మావగారు లేచి చేతులు తుడుచుకుని, మా షాపులో పొరపాటున వేరే సామాను ఇచ్చామండి, మార్చడానికి వచ్చాం, అన్నారు. ఇచ్చింది నేనేనని చెప్పబోయాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. పైగా, అందరూ ఎక్కాక, ముందు సీటులో చోటుంటే మేమూ ఇందులోనే దిగుతామన్నారు.

నా చేత్తో బిగించిన బ్రేకుల మీద, పదిమంది జనంతో, కొండ దిగాం. ప్రతి మలుపులోనూ డ్రైవరుతోపాటు నేనూ కాలు నేలకేసి తొక్కాను. పక్కకు తిరిగి చూస్తే మావగారు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

కింద బస్టాండులో ఆకులోని ప్రసాదం తింటుండగా, ఉద్యోగంలో చేరిపోతానని, ఈ లైను నాకు పనికిరాదని చెప్పేశాను. ఆయన ఆకు ఖాళీచేసి, మూతి తుడుచుకున్నారు.

"చేరితే చేరమ్మా, నీ ఇష్టం. ఆ రెండు సైజుల తేడా నువ్వు ఇక జన్మలో మర్చిపోవు. అంత గట్టిగా తెలిసిన మనిషిని మళ్లీ నేనెక్కడ వెతుక్కోను?"

ఉండమని మాత్రం అప్పుడూ అనలేదు. నేను చేరలేదు. మా నాన్నగారు ఆ తర్వాత చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆడమనిషివి, ఈ లైనులో ఇన్నేళ్లు ఎలా నిలబడ్డావని ఇప్పుడు నన్ను చాలామంది అడుగుతారు. నాకు తెలిసిన జవాబు మావగారిదే. కొత్త మోడలు వచ్చినప్పుడల్లా మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోవాలి, కూర్చోవడానికి సిగ్గుపడేవాళ్లు ఈ పని చెయ్యలేరు, అనేవారు. అరవై దాటాక, కొత్తరకం డీజిలు వ్యాను ఊళ్లోకి వస్తే, దాని యజమానిని బతిమాలి బానెట్ ఎత్తించి, నాచేత ఒక్కో భాగం పేరూ చెప్పించుకుంటూ రోడ్డు మీద గంటసేపు నిలబడ్డారు. వెనక సైకిళ్లవాళ్లు గంటలు కొడుతున్నా కదల్లేదు. ఎదుటి షాపు రెండుసార్లు చేతులు మారింది. మాది ఉంది. విజయవాడ నుంచి కంపెనీ మనుషులు వస్తే ఇప్పుడు నన్నే అడిగి రాసుకుంటారు. ఆ ముక్క ఆయన ముందు అంటే, "వాళ్లకి తెలీదు కాబట్టి అడుగుతున్నారు, అందులో నీ గొప్పేముంది?" అనేవారు.

కళ్ల ఆపరేషను ఎన్నేళ్లో వాయిదా వేసి, ఒకసారి షాపు మెట్టు మీద పడి మోకాలు పగిలాక చేయించుకున్నారు. కట్టు విప్పినరోజు డాక్టరుగారు ఏం కనిపిస్తోందని అడిగితే, గోడమీది క్యాలెండరు అచ్చు బాగుందన్నారు.

పెద్దకర్మ అయిపోయాక నిన్న షాపు తెరిచాను. దుమ్ము దులపడానికి పొడిగుడ్డ తీసుకుని అరల దగ్గరికి వెళ్లాను. ప్రతి అర మీదా లోపలున్న సామాను పేరు ఆయన నీలం రంగుతో, తెలుగులో, స్వయంగా రాసేవారు. నన్ను రాయనిచ్చేవారు కాదు. గుమ్మం దగ్గరి అరలు ఆయన వయసులో ఉన్నప్పటివి. అక్షరాలు మినపగింజలంత, ఒకే వరసలో ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ అవి పెద్దవవుతూ వచ్చాయి. ఆపరేషనయ్యాక అన్నీ మళ్లీ చిన్నగా రాయండని పోరాను. ఉన్నవి బాగానే పనిచేస్తున్నాయిగా, అన్నారు. ఆఖరి గోడ మీద ఒక్కో అక్షరం అరచెయ్యంత ఉంది. 'ఫ్యాన్ బెల్టు' అన్న రెండు మాటలకు చోటు చాలక, చివరి 'టు' పక్క అరలోకి వెళ్లి, అక్కడ రాసున్న హోసు పైపుల పేరు మీదుగా గోడ దాకా పాకింది. నేను దాని చుట్టూ దుమ్ము తుడిచి, గుడ్డ మడిచి పెట్టాను.