సరుకు మారిందన్నాను

పద్నాలుగేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. రెండే రెండు ముక్కల మాట. అన్నది నేను, విన్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇంక భయమెందుకు, దించేసుకోవచ్చు కదా అనుకున్నాను. దిగలేదు. వాళ్ళు పోయాక ఇంకా బరువెక్కింది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే వాళ్ళ కళ్ళలోకి చూడాలి, అది నావల్ల కాదు. పేరు రాయను. రాస్తే మళ్ళీ ఆ పేరు కాపాడుకునే పని మొదలుపెడతాను. ఆ పని చేసీ చేసీ అలసిపోయాను.

నాకు విస్కీ రుచి చూసి విలువ కట్టడం వచ్చు. వచ్చు అని రాశాను, చూశారా. ఒకప్పుడు వచ్చేది అని రాయాలి. అలవాటు పోలేదు.

మాది భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు. వలలు, తెప్పలు, ఎండుచేపలు. మా వైపు చాలామంది లాగే నేనూ మీసాలు రాకముందే రంగూన్ పోయాను. తెల్లదొరల క్లబ్బులో గ్లాసులు కడిగాను, తరవాత సీసాల గదిలో పడ్డాను. ఆ గది చూసే ముసలాయన నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. ముందు బిరడా చూడాలి. తరవాత సీసాని వెలుతురుకి ఎత్తి రంగు చూడాలి. రెండు చుక్కలు అరచేతిలో వేసి, రెండు చేతులూ రుద్ది, వాసన చూడాలి. చివరికి ఒక చుక్క నాలుక మీద. పదిదాకా లెక్కపెట్టి ఉమ్మెయ్యాలి. మింగినవాడు తాగుబోతవుతాడు, రుచి చెప్పేవాడు కాడు అనేవాడు. నేను మింగలేదు. ఇప్పటికీ తాగుడు అలవాటు లేదు. ఆ ఒక్కటీ నిజం.

యుద్ధం వచ్చాక అందరితోపాటు నడిచి వచ్చేశాను. అక్కణ్ణించి తెచ్చుకున్నది నాలుక ఒక్కటే. అది చాలింది. మన వైపు మద్యం మీద నిషేధం పెట్టినా, డాక్టరు చీటీ చూపించి పర్మిట్టు తెచ్చుకున్న పెద్దవాళ్ళు తాగుతూనే ఉండేవారు. ఓడల మీంచి దొంగతనంగా దిగిన సీసాలు విశాఖపట్నంలో తిరిగేవి. వాటిలో సగం, అసలు సరుకు ఖాళీ చేసి, నాటుసారాలో బెల్లం పాకం కలిపి నింపినవే. ఏది అసలో ఏది నకిలీయో, ఏది ఎంత చేస్తుందో చెప్పడానికి నన్ను పిలిచేవారు. జీపు పంపేవారు. కుర్చీ వేసేవారు. మా కులంలో పుట్టినవాడికి దొరల ముందు కుర్చీ అంటే ఏమిటో మీకు తెలిస్తే, తరవాత నేను చేసింది కొంత అర్థమవుతుంది. అర్థమవడం వేరు, క్షమించడం వేరు. రెండోది అడగడం లేదు.

ఇక చుట్ట సంగతి. మా ఒడ్డున మగా ఆడా అడ్డచుట్ట కాలుస్తారు. నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని కాల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా ఎవరో మొదలుపెట్టి ఉంటారు. మా అమ్మ కాల్చేది, మా ఆవిడ కాలుస్తుంది. రంగూన్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ముట్టలేదు, ముసలాయన ముట్టనివ్వలేదు. తిరిగొచ్చి ఒడ్డున కూర్చున్నాక, పదిమందితో పాటు నేనూ. మొదట అంగుడు తెల్లబడింది. తరవాత గట్టిపడింది. ఎప్పటికి నాలుక పూర్తిగా మొద్దుబారిందో నాకే తెలీదు.

తెలిసిన రోజు మాత్రం గుర్తుంది. అన్నం తిని లేచి చెయ్యి కడుక్కుంటున్నాను. మా ఆవిడ కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"పులుసులో ఉప్పెయ్యడం మర్సిపోనాను. నువ్వేటి, మాటాడకుండా తినీసినావు?"

ఏదో ఆలోచనలో ఉన్నానన్నాను. ఆవిడ నవ్వేసింది. నేను ఇంటి వెనక్కి వెళ్ళి గుప్పెడు ఉప్పు నోట్లో వేసుకున్నాను. ఇసక నమిలినట్టుంది.

ఆ రోజే మానెయ్యాల్సింది. చుట్టా, పనీ, రెండూ. ఎందుకు మానలేదు? జీపు రాకపోతే నేనెవరిని? ముక్కు పనిచేస్తోంది కదా, కన్ను పనిచేస్తోంది కదా అని సర్దిచెప్పుకున్నాను. బిరడా చూసి, రంగు చూసి, వాసన చూసి, సీసా గలవాడి మొహం కూడా చూసి చెప్పేవాణ్ణి. నాలుక మీద చుక్క వేసుకుని, కళ్ళు మూసుకుని, పదిదాకా లెక్కపెట్టి ఉమ్మేవాణ్ణి. అందరూ ఊపిరి బిగబట్టి చూసేవారు. రెండేళ్ళు అలా గడిచిపోయాయి. ఒక్కడూ పట్టుకోలేదు.

అది అరవయ్యేడో అరవయ్యెనిమిదో సంవత్సరం. బొబ్బిలికి అటువైపు ఒక చిన్న జమీ ఉండేది. జమీ పోయింది, మేడ మిగిలింది, మేడలో చిన్నదొర మిగిలాడు. ఆయన బీరువాలో వాళ్ళ అన్నగారి కాలం నాటి సీసాలు ఇరవై దాకా ఉన్నాయి. విశాఖపట్నం నుంచి ఎవరో పెద్ద ఆఫీసరు భోజనానికి వస్తున్నాడు, ఏ సీసా అతని ముందు పెట్టదగ్గదో చెప్పమని నన్ను పిలిపించాడు.

ఆ బీరువా తాళంచెవి పైడయ్య మొలతాడుకి ఉండేది. పైడయ్యది భావనపాడు. నాకు వరసకి బావ. పదేళ్ళ వయసులో ఆ మేడలో పనికి చేరి, అక్కడే నెరిసిపోయాడు. కల్లు కూడా ముట్టని మనిషి. నా నాలుక సంగతి దొరతో మొదట చెప్పింది అతనే. "మా బావని పిలిపించండి బాబూ, ఆడు సెప్తే తిరుగునేదు" అన్నాడట. నేను వెళ్ళేసరికి సీసాలన్నీ తుడిచి, బల్ల మీద వరసగా పెట్టి, పెళ్ళివారింటి మనిషిలాగ నవ్వుతూ నిలబడ్డాడు.

పద్దెనిమిది సీసాలు సజావుగా చెప్పాను. అవన్నీ స్కాచి. రంగూన్‌లో చేతులమీదుగా పోయినవే, సీసా మీది చీటీ చూస్తే చాలు. పంతొమ్మిదోది వేరు. చీటీ సగం ఊడిపోయింది, మిగిలిన సగంలో మొక్కజొన్న కంకి బొమ్మ. యుద్ధం రోజుల్లో ఒక అమెరికా సోల్జరు దొర అన్నగారికి ఇచ్చి వెళ్ళాడట. ఒకసారి తీసి రుచి చూసి, మళ్ళీ బిరడా పెట్టేసిన సీసా. సరుకు ఉండాల్సిన దానికన్నా రెండు వేళ్ళు దిగి ఉంది.

చేతిలో రుద్ది వాసన చూశాను. గుప్పుమని మాడిన బెల్లం. దాని వెనక కాల్చిన కర్ర. అలాంటి వాసన నేనెరిగిన ఏ విస్కీకీ లేదు. విశాఖపట్నంలో పట్టుకున్న నకిలీ సీసాలకే ఉంది. చుక్క నాలుక మీద వేసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. ఉప్పు వేసుకున్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పదిదాకా లెక్కపెట్టాను. ఆ పది అంకెల్లోనూ, ఇది నాకు తెలీదు బాబూ అని ఒక్క మాట అనడానికి కావలసినంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిని తరవాత ఎన్నిసార్లు కొలుచుకున్నానో.

ఉమ్మేసి, "సరుకు మారింది" అన్నాను.

దొర పైడయ్య వైపు చూశాడు. పైడయ్య నా వైపు చూశాడు. నవ్వు ఇంకా మొహం మీంచి పూర్తిగా పోలేదు.

"బావా, ఇంకోపాలి సూడు. తాలం నా కాడే ఉన్నాది. ఎవుడు ముడతాడు?"

"నా నాలిక అబద్దం సెప్పదు బావా" అన్నాను.

అదీ నేనన్నది. వేరే ఏ మాటైనా అనొచ్చు. ఆ మాటే అన్నాను.

దొర అరవలేదు. చెయ్యి చాపాడు. పైడయ్య మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి చాలాసేపు పట్టింది, పొద్దున కట్టుకున్న ముడి బిగుసుకుపోయి ఉంది. సాయంత్రానికల్లా వాళ్ళున్న గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అతను, భార్య, ఆ గదిలోనే ఉంటున్న తమ్ముడు సింహాచలం. ఆ సీసా పారబొయ్యమని దొర నా చేతికిచ్చాడు. నేను పారబొయ్యలేదు, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నాను? తప్పు చెప్పానని అప్పుడే నాలో ఎక్కడో తెలిసి ఉండాలి.

నెల తిరక్కుండా ఓడ మీద బట్లరు పని చేసే మా పెదనాన్న కొడుకు ఊరొచ్చాడు. ఆ సీసా చూపించాను. అతను ఒక గుక్క తాగి, కళ్ళు పెద్దవి చేశాడు. ఇది అమెరికా వాళ్ళ బోర్బను అన్నాడు, మొక్కజొన్నతో కాస్తారు, పీపా లోపలంతా కాల్చి అందులో ఏళ్ళ తరబడి దాస్తారు, ఆ బెల్లం వాసన దానికి పుట్టుకతో వచ్చిందే. మరి తగ్గిన రెండు వేళ్ళో అంటే, బిరడా ఎండిపోయి పాతికేళ్ళలో ఆవిరై ఉంటుందన్నాడు. అక్కడితో ఆగలేదు.

"ఒరే, వాసనే తీపి. నాలిక మీద తీపేదిరా? బెల్లం కలిపితే నాలిక్కి తెలీదేటి? నీకు నాను సెప్పాలేటి?"

ఇంత మంచి సరుకు తను ఈ మధ్య చూడలేదని ఇంకో గుక్క తాగాడు. నేను తల ఊపాను. ఔను, నాకూ అలాగే అనిపించిందన్నాను. ఇంట్లో కూడా నటించాను.

నా మొదటి తప్పుని తెలియక చేసిందని ఎవరైనా దయతలచి అనొచ్చు. ఈ రెండోదాన్ని అనడానికి లేదు. ఆ మర్నాడే బొబ్బిలి బస్సు ఎక్కి దొర దగ్గరికి వెళ్ళి చెప్పాల్సింది. వెళితే నాలుక సంగతి చెప్పాలి. చెబితే మళ్ళీ జీపు రాదు. ఒక మనిషి నలభై ఏళ్ళ పరువుకీ, నా కుర్చీకీ మధ్య నేను ఏది ఎంచుకున్నానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది పోయాక భావనపాడు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు. పైడయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మేడలో ఇస్త్రీ తలపాగాతో తిరిగిన మనిషి గోచీలో ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. కోపం ఏమైనా ఉంటుందని వెతికాను. లేదు. కోపం ఉంటే నాకు సులువయ్యేది.

చేపల కూర పెట్టారు. తింటుంటే ఎదురుగా కూర్చుని అడిగాడు, "ఉప్పు సరిపోనాదా బావా? నీకంటే బాగా ఎవుడికి తెలస్తాది."

సరిపోయిందన్నాను.

తిన్నాక చుట్ట ఇచ్చాడు. ఇద్దరం నిప్పు లోపల పెట్టుకుని కాల్చాం. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నాను. అతనే మొదలుపెట్టాడు.

"నాను ముట్టనేదు. నువ్వేమో మారిందన్నావు. నీ నాలిక తప్పు సెప్పదు. మరైతే ఎవుడు? రేత్రి తాలం తలకింద ఎట్టుకుని తొంగునీవోడిని. ఆ గదిలో నాను, మీ సెల్లి, సింహాచలం. నాకు ఇంకెవుడు కనబడతాడు బావా?"

నేను చుట్ట నోట్లోంచి తీశాను.

"ఆడు దేవుడి మీద ఒట్టేసినాడు. నా కాల్లట్టుకున్నాడు. నాను నమ్మనేదు. ఇంట్లోంచి ఎల్లగొట్టీసినాను. ఖరగ్‌పూర్ ఎల్లిపోనాడు. సచ్చినా మొగం సూపించొద్దన్నాను." పక్కనున్న వల దగ్గరికి లాక్కుని అన్నాడు, "నువ్వుగానీ ఆ పొద్దు అక్కడ నేకపోతే, నాను ఆ దొంగని ఇంకా తమ్ముడనుకుందును."

నాకు కృతజ్ఞత చెబుతున్నాడు. అది అర్థం కావడానికి నాకు కొంత సేపు పట్టింది. అతను దొర మాట వల్ల కుంగిపోలేదు, ఊళ్ళో మాట వల్ల కుంగిపోలేదు. నన్ను నమ్మాడు. నన్ను నమ్మి, తోడబుట్టినవాణ్ణి దొంగని చేసుకున్నాడు.

అప్పుడు చెప్పానా? చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఒక సాకు చెప్పుకున్నాను. అంత పని చేశాక నిజం తెలిస్తే ఆ మనిషి బతకలేడు, అతని మేలు కోరే ఊరుకున్నాను అని. అది కూడా అబద్ధమే. నేను అతని మొహం కాదు, నా మొహం చూసుకున్నాను. పొద్దువాలకముందే బస్సెక్కేశాను.

రెండేళ్ళకి పైడయ్య పోయాడు. తమ్ముడికి కబురు పంపొద్దని చెప్పి పోయాడట. పంపలేదు. చిన్నదొర కూడా పోయాడు. ఆయన చివరిదాకా ఎవరొచ్చినా నా గురించి గొప్పగా చెప్పేవాడట, ఇంటి దొంగతనాన్ని ఒక్క చుక్కతో పట్టుకున్నాడని. ఆ మాట వల్ల నాకు ఇంకా నాలుగు చోట్ల నుంచి పిలుపులొచ్చాయి. వెళ్ళాను కూడా. అలసట వచ్చి మానేశాను తప్ప, బుద్ధి వచ్చి కాదు.

సింహాచలం ఖరగ్‌పూర్‌లో ఉన్నాడు. రైల్వేలో పని, పిల్లలు పెద్దవాళ్ళయ్యారని విన్నాను. ఈ కాగితం అతనికి పంపితే? అన్న తనని దొంగనుకున్నాడని అతనికి తెలుసు. ఎవరి వల్ల అనుకున్నాడో తెలీదు. తెలిస్తే అతనికి మేలా, ఇంకో బరువా? పంపుతానో లేదో నాకే తెలీదు. నా మాట మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది.

సీసా ఇంకా నా దగ్గరే ఉంది. అడుగున కొంచెం మిగిలింది. ఇది రాయడానికి కూర్చునే ముందు దాన్ని తీశాను. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దాను. మాడిన బెల్లం, కాల్చిన కర్ర, అంతే. ఒక చుక్క నాలుక మీద వేసుకుని పదిదాకా లెక్కపెట్టాను. ఏమీ తెలియలేదు. ఆ రోజూ ఏమీ తెలియలేదు. ఆ రోజు చెప్పాల్సిన విలువ ఇవాళ చెబుతున్నాను, వినడానికి మీరొక్కరే ఉన్నా సరే.

మంచి సరుకు. ఆ బీరువాలో ఉన్నవాటన్నిటిలోకీ మంచిది. దాన్ని పైడయ్య ముట్టలేదు. సింహాచలం ముట్టలేదు. సరుకు మారలేదు.