పాలపళ్ళే కదా

నిన్న పొద్దున రాయగడలో మా ఓపీకి వచ్చిన ఒక తల్లి, బిడ్డ నోరు తెరిపించబోతుంటే ఆమె చూపుడువేలి నుంచి గుడాఖు వాసన వచ్చింది. పొగాకూ బెల్లమూ కలిసి మాడినట్టుండే ఆ వాసన ఈ కొండల్లో ఎవరికీ కొత్త కాదు. ఆడవాళ్ళు దానితోనే పళ్ళు తోముకుంటారు, కొందరు పసివాళ్ళ చిగుళ్ళకూ అదే రాస్తారు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే సలోమి సిస్టర్ గుర్తుకొస్తారు. ఆవిడ ఆ తల్లుల వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుని సబ్బుతో కడిగి, తడిగుడ్డ చుట్టి, "ఇప్పుడు తుడు దాని చిగుళ్ళు" అనేవారు. ఇరవై ఏళ్ళుగా నేనూ అదే పని చేస్తున్నాను. ఒకరికి నేర్పితే ఇంకొకరు వస్తారు. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి మాట కూడా పెగలడం లేదు.

సలోమి సిస్టర్ వాళ్ళు విజయనగరం వైపు నుంచి ఏనాడో వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవులు. తండ్రి బడిపంతులు. కాశీపూర్‌కు అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను కొత్త నర్సుగా చేరేనాటికి ఆవిడకు యాభై అయిదు దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి. కుర్చీలోంచి లేచినప్పుడల్లా బల్ల పట్టుకుని కాసేపు నిలబడేవారు. పురుళ్ళు, మలేరియా, రక్తం లేని గర్భిణులు, వీటి మధ్య పళ్ళ సంగతి ఎవరికి కావాలి? పళ్ళ డాక్టరన్నవాడు ఆ చుట్టుపక్కల లేనే లేడు. అయినా టీకాకు వచ్చిన ప్రతి బిడ్డ పైపెదవీ ఎత్తి చూడందే పంపేవారు కాదు. తల్లికి ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చునేవారు. రెండు ఒళ్ళూ కలిపితే చిన్న మంచం తయారయ్యేది. బిడ్డ కాళ్ళు తల్లి వైపు, తల ఆవిడ ఒళ్ళో.

"ఇదిగో సూడమ్మి," అని నన్ను పిలిచేవారు. "చిగురు పక్కన ఈ తెల్లగీత సూసేవా? సున్నం రాసినట్టు లేదూ? ఇదే మొదలు. ఇప్పుడైతే రోజూ తుడిచి, తీపి తగ్గించి ఆపుకోవచ్చు. గోధుమరంగు తిరిగిందంటే మన సేతుల్లో లేదు."

"పాలపళ్ళే కదా సిస్టర్, ఎలాగూ ఊడిపోతాయి," అన్నాను ఒకసారి, పని తెమలడం లేదన్న విసుగుతో.

"ఊడేదాకా దేంతో తింటాదేటి?" అన్నారావిడ తలెత్తకుండానే.

ఆ మాట అప్పుడు నాలో ఇంకలేదు. ఒక సంతరోజు ఆవిడ సెలవు పెట్టి మునిగుడలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళారు. వరండా అంతా జనం. అయిదేళ్ళ సుక్రిని చంకనేసుకుని వాళ్ళమ్మ వచ్చింది. పిల్లకు ఎడమ దవడ కొంచెం వాచి ఉంది. రాత్రి తియ్యటి టీలో బిస్కెట్టు ముంచి ఇస్తే గాని పడుకోదట. నొప్పితో నోరు తెరవనంది. నేనూ బలవంతపెట్టలేదు. జ్వరం మందు చేతిలో పెట్టి, నాకొచ్చిన కొద్దిపాటి దేశియా భాషలో, "పాలపన్నే, ఊడిపోతుంది, వాపు అదే తగ్గుతుంది," అని పంపేశాను. నిమిషం కూడా పట్టలేదు.

మూడోనాడు మధ్యాహ్నం మళ్ళీ తెచ్చారు. వాపు దవడ దాటి మెడ దాకా దిగింది. పిల్ల ఉమ్మి మింగలేకపోతోంది. ఒళ్ళు కాలిపోతోంది. సలోమి సిస్టర్ ఒక్కసారి చూసి, సూది మందు పొడిచి, సంతకు కూరగాయలు తోలే జీపును రోడ్డు మీద నిలబెట్టేశారు. కొరాపుట్ పెద్దాసుపత్రి దాకా ఆ ఘాట్ మలుపుల్లో పిల్లను పడుకోనివ్వకుండా తన గుండెకు ఆనించి నిటారుగా పట్టుకునే కూర్చున్నారు. ప్రతి కుదుపుకీ పిల్ల ఊపిరి గరగరమనేది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. ధైర్యం కోసం నా చెయ్యే పట్టుకుంది. అక్కడ దవడ కింద కోసి చీము తీశారు, పుచ్చిన దంతం పీకారు. చాలా రోజులు ఉంచుకుని పంపారు. పిల్ల బతికింది.

సిస్టర్ నన్ను తిట్టలేదు. వాళ్ళు ఊరు చేరిన వారానికి, "పద, సుక్రి ఇంటికెల్దాం," అన్నారు.

"కట్టు మార్చడానికా?"

"కాదు. ఆ రోజు నువ్వు నోరు సూడకుండా పంపేవని సెప్పడానికి."

"వాళ్ళకా సంగతి తెలీదు సిస్టర్. మనమే కాపాడామనుకుంటున్నారు."

"అందుకే ఎల్లాలి."

దారిలో రెండుసార్లు రాళ్ళ మీద కూలబడ్డారు, మోకాళ్ళు పట్టుకుని. సుక్రి తల్లి వాకిట్లో చోళ్ళు ఆరబోస్తోంది. నేను తడబడుతూ చెప్పాను. ఆమె చేతిలో చేట అలాగే ఉంది. "నీకు తెలీకనా, చూడకనా?" అని అడిగింది. "చూడలేదు," అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇక పొమ్మన్నట్టే అనుకున్నాను. సుక్రి చెల్లెల్ని, చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. నా ఎదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుని, దాని తల నా ఒళ్ళో పెట్టింది. "దీనివి చూడు," అంది. దాని పైపెదవి ఎత్తాను. సిస్టర్ కొండ వైపు తిరిగి నిలబడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకటే మాట: "మెల్లగా నడమ్మి, కాళ్ళు పీకుతన్నాయి."

సుక్రికి పదకొండేళ్ళు వచ్చాక, పన్ను పీకిన ఆ ఖాళీలో కొత్త పన్ను వచ్చింది. గోధుమరంగు మచ్చతో, గుంటలు పడి. పైనున్న పాలపన్ను చీము పడితే కింద తయారవుతున్న దానికీ దెబ్బ తగులుతుంది. ఆనాటి నా నిమిషం ఆరేళ్ళకు ఆ పిల్ల చిగురులోంచి బయటికొచ్చింది. ఇక ఎప్పటికీ ఊడదు.

అప్పటికి సిస్టర్ రిటైరై రాయగడలో మేనకోడలి దగ్గర ఉంటున్నారు. వెళ్ళి చెప్పుకున్నాను.

"నానూ ఒకదాన్ని పంపేసేను," అన్నారు. "బొయిపరిగుడ కాడ. ఉద్యోగం కొత్తలో. మూడేళ్ళ పిల్ల. నువ్వన్న మాటే అన్నాను. ఆళ్ళు మరి రాలేదు."

"ఏమైంది?"

"తెలీదమ్మి. తెలుసుకోడానికి భయమేసింది. ఎల్లలేదు. పేరు కూడా రాసుకోలేదు." మోకాలు రాసుకుంటూ, "నిన్ను అలా ఉంచెయ్యకూడదని సుక్రి ఇంటికి తీసుకెళ్ళేను," అన్నారు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. శిబిరాల పని మీద నేను అప్పుడప్పుడు బొయిపరిగుడ వెళ్తుంటాను. పొద్దుట్నుంచి పిల్లల నోళ్ళు చూసి చూసి కళ్ళు మండుతుంటాయి. పని ముగించుకుని సంతలోంచి బస్సుకు నడుస్తుంటే, చింతపండో అల్లమో ముందు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. సిస్టర్ పంపేసిన ఆ పిల్ల బతికి ఉంటే ఇప్పటికి నాకన్నా పెద్దది. నా కళ్ళు వాళ్ళ దవడల కిందికి వెళ్తాయి, సుక్రికి ఉన్నలాంటి పాత కోత మచ్చ కోసం. ఇంతవరకూ కనిపించలేదు. ఎప్పుడు వెళ్ళినా చూస్తూనే ఉన్నాను.