ఈనెపుల్లతో ముందుకు తోసిన పాట

పదిహేను రోజుల క్రితం ముమ్మిడివరంలో మా ఇంగ్లిషు మేష్టారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలోనే కన్నుమూశారట. ఎనభై దాటాయి.

ఆయన చెప్పిన గ్రామరు నాకు గుర్తులేదు గానీ ఒక పాట మాత్రం నోటికొచ్చు. అరవైల్లో లండన్‌లో నలుగురు కుర్రాళ్ళు జట్టుకట్టి, గొంతులు కలిపి పాడి, రెండేళ్ళు తిరక్కుండా ఎవరి దారిన వాళ్ళు పోయారు. వాళ్ళ రికార్డు ఒకటి కాకినాడలో పాత సామాన్ల కొట్లో ఆయనకి దొరికింది. "మనకి విసుగెత్తకముందే ఆపేసేరండి, మర్యాదస్తులు," అనేవారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా 'అండి' అనే మనిషి.

ఆ రికార్డుకో గీత పడింది. రెండో చరణంలో ప్లేయరు ముల్లు ఇరుక్కుని ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేది. మూడోసారికి ఆయన లేచి, కొబ్బరి ఈనెపుల్లతో ముల్లుని మెల్లగా ముందుకు తోసేవారు. పాటంటే అంతేననుకున్నాం, ఆయనింటికెళ్ళి వినే మేం నలుగురం. ఆ మాట మూడుసార్లు అని, ఆయన తోసేంతసేపు ఆగి, తర్వాతి లైను అందుకునేవాళ్ళం. వినీ వినీ ఆయనకీ అదే అలవాటై, దిద్దలేదు. అమలాపురంలో స్కూళ్ళ పాటల పోటీలోనూ అలాగే పాడాం. జడ్జీగారు పగలబడి నవ్వారు. ప్రైజు పోయింది.

కిందటేడు అసలు పాట ఫోన్లో దొరికితే పట్టుకెళ్ళి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"ఆగలేదేవండీ వీళ్ళు?" అన్నారు. కళ్ళు తెరిచి, "మీకు తప్పు నేర్పేనండి. ఆ ప్రైజు నేనే పోగొట్టేను."

ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇదా ఆయన బాధ! నాకు కోపమే వచ్చింది. "అబ్బే, అదేం లేదండి మేష్టారూ," అన్నాను గానీ, అంతకంటే మంచి మాట తట్టలేదు. ఆ లోటు నాకు ఉండిపోయింది.

పెద్దకార్యం నాడు నలుగురం కలిశాం. భోజనాలయ్యాక మేష్టారి భార్య, "ఆ పాటోసారి పాడండర్రా," అన్నారు. ఈసారైనా సరిగ్గా పాడదామా అన్నాడు మాలో ఒకడు. మేష్టారు నేర్పినట్టే పాడదామన్నాను.

రెండో చరణం వచ్చింది. ఆ మాట మూడుసార్లు అన్నాం, ఆగాం. కళ్ళు ఆయన కుర్చీ మీదికి పోయాయి. తర్వాతి లైను ఎవరమూ అందుకోలేదు.

గుమ్మంలో నుంచున్న అమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"ఆయన తోసేసేరర్రా. ఇంక పాడండి."

తర్వాతి లైను అందుకున్నాం.