హారతి మీద తడి గోనెపట్ట

నాకు అక్షరాలు వచ్చింది నలభయ్యో ఏట. ఆంధ్ర విడిపోయి మా ఊళ్లు మదరాసు రాష్ట్రంలోనే మిగిలిపోయిన కాలం. గుడియాత్తంలో అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసేదాన్ని. పక్కింటి టీచరమ్మ ముందు అరవం, తర్వాత తెలుగు దిద్దించింది. చదవడం వచ్చిన ఆడమనిషినని వేలూరులో ఆదివారాలు జరిగే భద్రత తరగతికి కార్ఖానావాళ్లు నన్ను పంపారు. అక్కడి మాస్టారు మొదటిరోజే చెప్పాడు: "ఇది బాగా నేర్చుకుంటే కార్ఖానాలో ప్రమాదాలు రాకుండా చూసే ఉద్యోగం వస్తుంది. తనిఖీ ఆఫీసులోకి కూడా పోవచ్చు." పై తరగతిలో చేరాలంటే మాత్రం మా కార్ఖానా మేస్త్రీ సంతకంతో ఉత్తరం కావాలి.

ఆయుధపూజ రోజు ఆ ఉత్తరం మేస్త్రీ చొక్కా జేబులో ఉంది. పూజ అయ్యాక సంతకం పెడతానన్నాడు.

ఏటా పూజ చేసేది మందు కలిపే గదిలోనే. పుల్లల తలలకు పూసే ఆ మందు పొడి దూలాల మీద పేరుకుని ఉంటుంది. అన్నేళ్లూ అక్కడి కర్పూర హారతిని నేనూ కళ్లకద్దుకున్నదాన్నే. ఈసారి గుమ్మం దాటగానే తలెత్తి దూలాల వంక చూశాను.

"కర్పూరం బయట ఎలిగిద్దామప్పా," అన్నాను.

"దేవుడు యాడుండాలో నువ్వు చెప్తావా? నాలుగుసార్లు వేలూరు బస్సెక్కినావు, అంతే గదా!" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు.

నా పక్కన కూర్చుని పెట్టెలు అంటించే ముసలావిడ నా చెయ్యి గిల్లింది. "గమ్మునుండమ్మే. నీ కాయితం ఆయప్ప జోబీలో ఉండాది."

గమ్మునే ఉన్నాను. మేస్త్రీ పుల్ల గీశాడు. కర్పూరం అంటుకుంది. పళ్లెం పైకి లేచింది, ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు మంట దూలం వైపు సాగినట్టనిపించింది. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే తడి గోనెపట్ట తీసి పళ్లెం మీద వేసేశాను.

ముసలావిడ చెంపలు వేసుకుంది.

"హారతి ఆర్పిన చెయ్యి నా కార్ఖానాలో వద్దు. పో!" ఉత్తరం తీసి చింపేశాడు మేస్త్రీ. గదికి మైల తగిలిందని దేవుడి పటాన్ని వాకిట్లోకి మోసుకుపోయి, అక్కడ మళ్లీ హారతిచ్చారు. ఏమీ కాలలేదు. అందుకే ఆ గదిలో మంటలు లేచేవన్న నా మాట ఎవరూ నమ్మలేదు.

ఆదివారం ఉత్తి చేతులతో వేలూరు పోయాను.

"లెటర్ యాడమ్మా?" అన్నాడు మాస్టారు.

జరిగింది చెప్పాను. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "నాకు చెప్పింది దీంట్లో రాయి."

అంత పొడుగు నేనెప్పుడూ రాయలేదు. వేళ్లు నొప్పి పుట్టాయి. ఆయన చదివి, "దూలం మీద పొడి ఎంతుండాదో రాయలేదే?" అన్నాడు.

వేలితో గీస్తే గీత పడేంత, అని చేర్చాను.

పై తరగతికి ఈ కాగితమే చాలని, కింద మేస్త్రీ సంతకం ఉండాల్సిన చోట నన్నే సంతకం పెట్టమన్నాడు.