నేను వండిన గొంగడి

గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవద్దని పెద్దలు చెప్పారు. గొంగడినే వండొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ హోలీనాడు మా రఘునాథపల్లి ఇంట్లో అంత ఘోరం జరిగేది కాదు. మీరు నవ్వుకోండి, పరవాలేదు.

అప్పుడే జనగామలో మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చాను. పూలతో, బెరళ్లతో బట్టలకు రంగులేయడం నేర్పారు. మూడు రోజులూ మా చేతికిచ్చింది నూలు బట్టే. బాగా మరిగించాలి, బాగా తిప్పాలి, బాగా ఉతకాలి. ఈ మూడు 'బాగా'లు మూటగట్టుకుని ఇంటికొచ్చాను. మూడు రోజుల చదువుకు ముప్పై ఏళ్ల గర్వం!

ఇంట్లో కొత్త తెల్ల గొంగడి ఉంది. నల్లవి ఊరంతా ఉంటాయి, తెల్లది దొరకడం అరుదు. మా నాయినమ్మను అందరం అవ్వ అంటాం. మా మందలోని నాలుగు తెల్ల గొర్రెల ఉన్ని ఏళ్ల తరబడి దాచి, వణికే వేళ్లతో తానే వడికి, తన కొడుకు, అంటే మా బాపు కోసం నేయించింది. "ఇదే నా ఆఖరి వడుకుడు బిడ్డా" అని కూడా చెప్పింది. బాపు ఎండాకాలం మందను మహబూబాబాద్ వైపు తోలుకుపోతాడు. అక్కడ పొలాల్లో ఆయనకు పరుపూ గొడుగూ ఇల్లూ అన్నీ గొంగడే. హోలీ అయిన మూడో రోజే ప్రయాణం.

ఈసారి బాపును బంగారు రంగు గొంగడిలో సాగనంపాలనుకున్నాను. భూపాలపల్లి నుంచి అక్క సంచెడు మోదుగ పూలు పంపింది. బాపు, అవ్వ పొద్దున్నే దేవరుప్పులకు పెళ్లికి పోయారు. ఇక నాకు అడ్డెవరు?

పక్కింటి లచ్చక్క గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏందే, గింత పెద్ద గుండిగ ఎక్కించినవ్? సుట్టాలొచ్చిండ్రా?"

"లేదక్కా, బాపు గొంగడికి రంగేస్తున్న."

"మరిగే నీళ్లల్లనా! అవ్వకు ఎరుకేనా?"

"సూసినంక ఆమెనే మురుస్తది."

"ఏమో పిల్లా. గొంగడిని సల్లనీళ్లల్ల ముంచంగ సూసిన గానీ, గిట్ల ఉడుకబెట్టంగ ఎన్నడు సూడలే."

"నేను ట్రైనింగైన అక్కా!"

ఆ మాటకు ఆమె నోరు మూసుకుంది. నేను మూసుకోవలసింది.

రెండు గంటలు మరిగించాను. కట్టెతో పప్పు ఎనిపినట్టు ఎనిపాను. రంగు అద్భుతంగా ఎక్కింది. పొగలు కక్కుతున్నదాన్ని అలాగే బోరునీళ్లలో ముంచి, బండమీద చీరను ఉతికినట్టు ఉతికాను. ఎత్తిన ప్రతిసారీ అది కాస్త చిన్నగా కనిపించింది. ముందు నా కళ్లనే అనుమానించాను. కాసేపటికి పరుగెత్తుకెళ్లి లచ్చక్కను పిలుచుకొచ్చి ఇంకో కొస పట్టించాను.

"గుంజక్కా!"

"గుంజుతనే ఉన్న, అది సాగుతలేదే!"

"ఇంకా గట్టిగ!"

"ఇంకా గుంజితే నేనే వచ్చి నీ మీద పడ్త!"

వేడికీ దెబ్బలకూ ఉన్ని ముడుచుకుని, పోగూ పోగూ పెనవేసుకుంటుందనీ, ఒకసారి ముడుచుకుంటే మళ్లీ విడిపోదనీ తరువాత తెలుసుకున్నాను. తరువాత తెలుసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

సాయంత్రం బాపు వచ్చి నెత్తిమీద కప్పుకున్నాడు. భుజాల దగ్గరే అయిపోయింది. ఆయన నావైపు చూడకుండా అవ్వ చేతికిచ్చాడు. అవ్వ దాన్ని అటూ ఇటూ తడిమింది.

"తప్పయింది అవ్వా" అన్నాను.

"రంగు మంచిగనే వచ్చింది" అంది అవ్వ. దాన్ని మడతపెడుతూ, "గొర్రెపిల్లకు కప్పు బిడ్డా. దాని ఉన్ని దానికే ముట్టినట్టయితది" అంది.

గోడ మీదుగా చూస్తున్న లచ్చక్క పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ అవ్వ తన వణికే వేళ్లను కొంగులో దాచుకోవడం చూశాక ఏడుపు ఆగలేదు. ఇంకొకటి వడుకుతానని ఆమె అనలేదు. ఇక అనదని నాకు తెలుసు, బాపుకూ తెలుసు.

బాపు చిరుగుల పాత నల్ల గొంగడితోనే పోయాడు. ఆ బంగారు రంగు ముక్కను మాత్రం భుజాన వేసుకున్నాడు. అదేందని ఎవరడిగినా, "నా బిడ్డ రంగేసింది" అని గొప్పగా చెప్పాడట. ఆ విధంగా నా బుద్ధితక్కువ పని మహబూబాబాద్ దాకా పాకింది.

కాళేశ్వరం గోదావరి సాక్షిగా ఒట్టు. ఈ జన్మలో అన్నం, పప్పు, చాయ్ తప్ప ఇంకేదీ పొయ్యిమీద పెట్టను. ఆ చాయ్ కూడా లచ్చక్క సరేనంటేనే.